ఆన్‌సైట్ జాబితాలో లేని పేరు

1980ల మొదట్లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతున్న నాన్సీ ఆడ్లర్ ఒక లెక్క తీయడానికి పూనుకున్నారు. అమెరికా, కెనడాలకు చెందిన 686 సంస్థలను ఆవిడ అడిగింది ఒకటే: విదేశాల్లో మీ వ్యవహారాలు చూసుకోవడానికి ఎందరిని పంపారు, అందులో ఆడవాళ్లెందరు? పంపినవాళ్లు మొత్తం 13,338 మందని తేలింది. ఆడవాళ్లు 402 మంది. నూటికి ముగ్గురు. అప్పటికే అమెరికాలో మేనేజర్ కుర్చీల్లో ఉన్న స్త్రీల వాటా దానికి ఎన్నో రెట్లు. ఆఫీసులోకి రానిచ్చారు, మేనేజర్‌ని చేశారు, విమానం దగ్గరికొచ్చేసరికి ఆపేశారన్నమాట.

2000లో కాటలిస్ట్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ మళ్లీ చూస్తే ఆ వాటా 13 శాతం. ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు, ఉద్యోగుల సామాన్లు, ఇళ్లు, వీసాలు చూసిపెట్టే రీలొకేషన్ కంపెనీలు ఏటా వేసిన సర్వేల్లో అది ఇరవై శాతానికి కాస్త అటూ ఇటూగా కదులుతూ వచ్చింది. మూడు ఇరవై కావడం తక్కువేమీ కాదు. కానీ ఈ మధ్యకాలంలో బిజినెస్ స్కూళ్లలో చదివి బయటికొచ్చే అమ్మాయిల సంఖ్య పెరిగిన వేగంతో పోలిస్తే ఇది నత్తనడకే.

ఊరు కాని ఊరికి, దేశం కాని దేశానికి వెళ్లకుండా ఇంటిపట్టున ఉద్యోగం చేసుకుంటే నష్టమేమిటని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నష్టం పదేళ్ల తర్వాత తెలుస్తుంది. బహుళజాతి సంస్థల్లో పై మెట్టుకు మనిషిని ఎంచేటప్పుడు హెడ్డాఫీసు చూసే మొదటి సంగతుల్లో ఒకటి, ఇంకో దేశంలో ఇంకో మార్కెట్‌ని సొంతంగా నడిపాడా లేదా అన్నది. హిందుస్థాన్ యూనిలీవర్‌లో పైకొచ్చిన లీనా నాయర్ 2013లో లండన్ ప్రధాన కార్యాలయానికి వెళ్లారు. 2016లో యూనిలీవర్ మొత్తానికి మానవ వనరుల అధిపతి అయ్యారు. 2022 జనవరిలో షనెల్ సీఈఓ కుర్చీలో కూర్చున్నారు. ముంబయిలోనే ఉండిపోయి ఉంటే ఆవిడ ప్రతిభ తగ్గేది కాదు. పారిస్ ఫ్యాషన్ సంస్థ కంటికి మాత్రం ఆనేది కాదు.

ఆడ్లర్ లెక్కతో ఆగలేదు. ఈ మూడు శాతం ఎందుకు అని అడిగితే కంపెనీల నుంచి వచ్చే జవాబులు మూడు. ఆడవాళ్లకే వెళ్లాలని ఉండదు. పంపడానికి కంపెనీలు జంకుతాయి. పంపినా అవతలి దేశంలో ఆడవాళ్లతో బేరం మాట్లాడరు. ఆవిడ మూడింటినీ విడివిడిగా పరీక్షకు పెట్టారు. మొదటిదానికి అమెరికా, కెనడా, యూరప్‌ల్లోని ఏడు మేనేజ్‌మెంట్ స్కూళ్ల నుంచి బయటికొస్తున్న 1,129 మందిని అడిగారు. విదేశీ ఉద్యోగం మీద ఆసక్తిలో ఆడా మగా తేడా కనబడలేదు. తేడా ఇంకోచోట ఉంది. అలాంటి అవకాశం మనదాకా వస్తుందన్న నమ్మకం అమ్మాయిల్లో తక్కువ. రెండోదానికి 60 సంస్థల మానవ వనరుల అధికారులను అడిగితే సగానికి పైగా, అవును, ఆడవాళ్లను పంపాలంటే వెనకాడతామని ఒప్పుకున్నారు. కారణం చెప్పమంటే నూటికి డెబ్భైమందికి పైగా అవతలివాళ్ల మీదికి తోశారు: మాకేం అభ్యంతరం లేదు, విదేశీయులే ఒప్పుకోరు.

అసలు రసపట్టు మూడోది. అప్పటికే ఆసియా దేశాల్లో పనిచేస్తున్న, పనిచేసి వచ్చిన ఉత్తర అమెరికా మహిళా మేనేజర్లు 52 మందిని ఆడ్లర్ వెతికి పట్టుకున్నారు. దాదాపు అందరూ ఆ పోస్టుకు వెళ్లిన తొలి మహిళలే. చాలామంది తమ కంపెనీని ఒప్పించుకుని వెళ్లినవాళ్లు. వెళ్లిన పని నెరవేరిందని 97 శాతం చెప్పారు. ఆడదాన్ని కావడం కలిసొచ్చిందని 42 శాతం అన్నారు, పనిలో దానితో సంబంధమే లేదని 22 శాతం, కొంత మేలూ కొంత కీడూ అని 16 శాతం. ఇబ్బందే అయిందన్నది ఐదింట ఒక వంతు. ఆ ఇబ్బందుల్లో కూడా చాలావరకు టోక్యోలోనో హాంకాంగ్‌లోనో ఎదురైనవి కావు, సొంత కంపెనీ పెట్టినవి: అధికారం సగమే ఇవ్వడం, గడువు తగ్గించడం, చిన్న క్లయింట్లకే పరిమితం చేయడం. జపాన్‌లో వాళ్లను ముందు విదేశీయురాలిగా చూశారు, ఆ తర్వాతే ఆడమనిషిగా. జపాన్ ఆఫీసుల్లో ఆడవాళ్లకు పెట్టిన హద్దులు బయటినుంచి వచ్చిన ఆవిడకు వర్తించలేదు. పైగా అరుదుగా కనిపించే మనిషి కాబట్టి ఒకసారి కలిస్తే ఎవరూ మరిచిపోలేదు.

ఈ అధ్యయనాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు చాలామంది. నాకు రెండు పేచీలున్నాయి. విజయం వాళ్లంతట వాళ్లు చెప్పుకున్నది, పై అధికారి ఇచ్చిన మార్కు కాదు. రెండోది, ఆ గౌరవంలో అమెరికన్ పాస్‌పోర్టుకూ తెల్ల రంగుకూ ఎంత వాటా ఉందన్నది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కో దోహాకో వెళ్లిన తెలుగావిడకు విదేశీయురాలిగా ఆ పెద్దపీట దొరుకుతుందని నేననుకోను. అక్కడ భారతీయులు కొత్తవాళ్లూ కారు, అరుదైనవాళ్లూ కారు. ఏ మెట్టు మీద ఉండాల్సినవాళ్లో ముందే రాసిపెట్టి ఉంటుంది.

మన వైపు నుంచి చూసిన అధ్యయనం ఒకటుంది. అరుప్ వర్మ, సూ మెయ్ టో, పవన్ బుధ్వర్ కలిసి 2006లో ప్రచురించినది. అమెరికా నుంచి ఒక మేనేజర్ మీ ఆఫీసుకు వస్తే సహోద్యోగిగా ఎవరిని ఇష్టపడతారని భారతీయ ఉద్యోగులను అడిగారు. అమెరికన్ మగ మేనేజర్ కంటే అమెరికన్ మహిళా మేనేజర్‌కే మనవాళ్లు మొగ్గు చూపారు. సంప్రదాయ దేశం, ఆడబాసును ఒప్పుకోరు అని న్యూయార్క్‌లో ఎవరో మన తరఫున భయపడ్డారు గానీ మనవాళ్లకు లేని భయమది. ఇదే మొగ్గు సొంత దేశపు మహిళా బాసు మీద ఉందా అంటే, ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా పది నిమిషాలు కూర్చుంటే జవాబు దొరుకుతుంది.

మరి గిరాకీ ఉంది, వెళ్లాలన్న కోరికా ఉంది. మధ్యలో తెగిందెక్కడ? ఈ విషయం మీద వచ్చిన వందల వ్యాసాల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది బ్రిటన్‌లో హిల్లరీ హారిస్ చేసిన పని. మనుషులను ఎలా ఎంచుకుంటారని ఆవిడ నేరుగా కంపెనీల్లోకి వెళ్లి చూశారు. కాగితం మీద నియమావళి ఉంది, కొలమానాలున్నాయి. జరిగేది వేరు. కాఫీ మెషిన్ దగ్గర ఇద్దరు పెద్దలు కలుస్తారు. సింగపూర్‌కు ఒకరు కావాలి, నీ దృష్టిలో ఎవరున్నారని ఒకరడుగుతారు. రెండోవారికి ఒక పేరు తడుతుంది. ఆ తర్వాత నడిచే ఇంటర్వ్యూలు, ఫారాలు అన్నీ ఆ పేరును నిజం చేయడానికే. పోస్టు ఖాళీ అని బయట ప్రకటించరు, ఎవరూ దరఖాస్తు పెట్టరు, కాబట్టి ఎవరినీ కాదన్నట్టు రికార్డుల్లో ఉండదు. తట్టిన పేరు సాధారణంగా తట్టినవారి పోలికలోనే ఉంటుంది.

ఇది హైదరాబాద్ గచ్చిబౌలిలో ఎలా జరుగుతుందో ఐటీలో కొన్నేళ్లున్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడ విదేశీ పోస్టింగ్ అంటే ఆన్‌సైట్. న్యూజెర్సీలో క్లయింటు, ఇక్కడ ఆఫ్‌షోర్ టీమ్, అక్కడ కూర్చుని రెండువైపులా నడపడానికి ఒక మేనేజర్ కావాలి. శుక్రవారం సాయంత్రం కాల్‌లో డెలివరీ మేనేజర్ అడుగుతాడు, ఎవరిని పంపిద్దామండీ అని. ప్రాజెక్ట్ మొదటినుంచీ చూస్తున్నది ఆవిడే కదా అని ఒక గొంతు. ఆవిడకి చిన్నబాబు ఉన్నాడు కదండీ, ఇప్పుడు ఇబ్బంది పెట్టడం ఎందుకు, ఫలానా అతనైతే బ్యాచిలర్, వీసా కూడా స్టాంప్ అయి ఉందని ఇంకో గొంతు. అవునవును, పాపం, అని మూడోది. మూడు నిమిషాల్లో అయిపోతుంది. మ్యూట్‌లో ఉన్న హెచ్‌ఆర్ అమ్మాయి స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి నింపుతుంది. ఇంతలో ఆ చిన్నబాబు తల్లి పక్క బ్లాకులో ఇంకో కాల్‌లో ఉంటుంది. తన పేరు వచ్చిందనీ పోయిందనీ ఆవిడకు తెలియదు. తెలిసినా ఎవరి మీద ఫిర్యాదు చేస్తుంది? అందరూ ఆవిడ మేలు కోరినవాళ్లే.

ద్వేషంతో మూసిన తలుపును తట్టవచ్చు, పోట్లాడవచ్చు. జాలితో మూసినదాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియదు. ఆవిడను అడిగి ఉంటే వద్దనేదేమో. అత్తగారు వచ్చి బాబును చూసుకుంటారు, రెండేళ్లే కదా, వెళతాననేదేమో కూడా. అదే కాల్‌లో పేరొచ్చిన మగవాళ్లలో సగంమందికి చిన్నపిల్లలుంటారు. ఆ సంగతి ఎవరికీ గుర్తురాదు, వస్తే అలవెన్సు లెక్క కట్టడానికి వస్తుంది.

మన ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతుకు పైగా స్త్రీలు. విదేశం వెళ్లేవాళ్ల దగ్గర లెక్క మారుతుంది. అమెరికా వలస విభాగం ఇటీవల ఇస్తున్న వార్షిక వివరాల్లో హెచ్-వన్‌బీ ఉద్యోగ వీసాకు ఆమోదం పొందినవాళ్లలో పదిమందికి సుమారు ఏడుగురు మగవాళ్లు. ఆ వీసాల్లో అత్యధిక భాగం భారతీయులవే. అద్దం తిప్పి చూస్తే రెండో వైపు ఇంకా స్పష్టం. హెచ్-వన్‌బీ ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద పనిచేసుకునే అనుమతి 2015 మే నుంచి కొందరికి దొరికింది, అదీ గ్రీన్‌కార్డు బాటలో ఒక దశ దాటినవాళ్ల భాగస్వాములకే. మొదటి రెండున్నరేళ్లలో ఆ అనుమతి పొందినవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా స్త్రీలు, నూటికి తొంభైమందికి పైగా భారతీయులు. వాళ్లలో ఇంజినీర్లున్నారు, ఎంబీఏలున్నారు, ఇక్కడ టీమ్ లీడ్‌గా చేసి రాజీనామా ఇచ్చి వెళ్లినవాళ్లున్నారు. అమెరికా చేరారు, కానీ భర్త పోస్టింగ్ మీద.

అందుకే కుటుంబం అడ్డం అన్న మాటను కొట్టిపారేయడం తప్పు. కాకపోతే అది ఎవరికి ఎలా అడ్డమవుతుందో నిదానంగా చూడాలి. 1980ల మొదట్లో పరిశోధకురాలు రోజలీ టంగ్ అమెరికన్ కంపెనీలను, విదేశాలకు పంపిన మేనేజర్ మధ్యలో తిరిగి రావడానికి కారణమేమిటని అడిగితే, జాబితాలో మొట్టమొదటిది భార్య అక్కడ ఇమడలేకపోవడం. భర్త వెంట వెళ్లిన ఆ భార్యే కొత్త ఊళ్లో ఇల్లు వెతికి, పిల్లల్ని బళ్లో వేసి, క్లయింట్లకు విందులు చేసి, జీతం లేకుండా సగం పోస్టింగ్ నడిపేది. ఆవిడ చేతులెత్తేస్తే ఆయనా వెనక్కి. విదేశీ పోస్టింగ్ అన్న ఏర్పాటే ఇంకో మనిషి ఉద్యోగం మానుకుని వెంట వస్తుందన్న లెక్క మీద కట్టింది. వెళ్లేది భార్య అయినప్పుడు ఆ రెండో మనిషి దొరకడు. కంపెనీలు దీన్ని స్త్రీల సమస్యగా రాసుకున్నాయి. (మధ్యలో తిరిగొచ్చేవాళ్లు నూటికి ముప్పై నలభైమంది అని పాఠ్యపుస్తకాలు ఏళ్ల తరబడి వల్లించాయి. ఆ అంకె వెనక గట్టి ఆధారం లేదని ఆన్ విల్ హార్జింగ్ 1995లో తవ్వి చూపించారు. ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నదే.)

పైగా పిల్లల్ని వదిలి ఆడమనిషి దేశాలు దాటదన్న మాట తెలుగునాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు రాయచోటి, రాజంపేట నుంచి ఇళ్లలో పనికని కువైట్ వెళ్లిన తల్లులు తరతరాలుగా ఉన్నారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరిగారు. ఆ ఊళ్లలో మిద్దెలు ఆ డబ్బుతో లేచాయి. వాళ్లను పంపేటప్పుడు చిన్నబాబు ఉన్నాడు కదా, ఇబ్బంది పెట్టడం ఎందుకు అని ఏ ఏజెంటూ అనలేదు. కేరళ నర్సుల కథ ఇంకో మలుపు. అమెరికాకు ముందు భార్య వెళ్లి, ఉద్యోగంలో కుదురుకుని, తర్వాత భర్తను తెచ్చుకున్న వేల కుటుంబాల మీద షీబా జార్జ్ 2005లో పుస్తకమే రాశారు. అక్కడ భర్తలు ఇమిడారు. తేలిగ్గా కాదు, చర్చి కమిటీల్లో పెద్దరికం వెతుక్కుంటూ ఇమిడారు. ఆడవాళ్ల వలస మనకు కొత్త కాదు. తక్కువ జీతానికి వెళ్లేటప్పుడు అడ్డురాని మాతృత్వం మేనేజర్ హోదా దగ్గర అడ్డొస్తోంది.

చట్టం మాటా అనుకోవాలి, ఇక్కడ పరిస్థితి కొంత మెరుగు. మేనేజర్లను సొంత శాఖకు బదిలీ చేసుకునే ఎల్-వన్ ఏ వీసా మీద అమెరికాలో ఏడేళ్ల దాకా ఉండవచ్చు. వాళ్ల భాగస్వాములు 2021 నవంబరు నుంచి విడిగా అనుమతి కాగితం కోసం ఎదురుచూడక్కర్లేకుండానే పనిచేసుకోవచ్చు. గల్ఫ్‌లో భార్యను భర్త స్పాన్సర్ చేయడం ఎప్పుడూ మామూలే, భర్తను భార్య తెచ్చుకోవడమే తంటా. యూఏఈ 2019లో ఆదాయాన్ని బట్టి స్పాన్సర్ చేసే పద్ధతి తెచ్చాక అది కొంత సులువైంది. అయినా భార్య వీసా మీద వెళ్లాడట అన్న మాటకు మన పెళ్లిళ్ల పందిళ్లలో ఇంకా ఒక చిరునవ్వు తగిలించి ఉంటుంది. ఆ చిరునవ్వును తట్టుకోవడం ఏ కాన్సులేటూ నేర్పదు.

నియమం బాహాటంగా రాసి ఉంటే ఏమవుతుందో విదేశాంగ శాఖ చరిత్ర చెబుతుంది. 1948 పరీక్షలో నెగ్గి భారత విదేశాంగ సేవలో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. అప్పటి నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి రాతపూర్వకంగా కావాలి. కుటుంబ బాధ్యతలు పనికి అడ్డమనుకుంటే రాజీనామా చేయమనవచ్చు. పెళ్లయిన స్త్రీకి ఆ సర్వీసులో నియామకం హక్కు కాదు. మగ అధికారికి ఇలాంటివేమీ లేవు. బ్రిటన్, అమెరికా దౌత్య సేవల్లోనూ పెళ్లయితే ఆడవాళ్లు ఇంటికెళ్లాల్సిన పద్ధతి 1970ల మొదటిదాకా నడిచింది. ముత్తమ్మ 1970లో హంగరీకి రాయబారి అయ్యారు, అయినా పై గ్రేడు పదోన్నతి ఆపారు. ఆవిడ సుప్రీంకోర్టుకెక్కారు. కేసు నడుస్తుండగానే పదోన్నతి ఇచ్చేసి ప్రభుత్వం గండం గట్టెక్కింది. పిటిషన్ కొట్టేస్తూనే 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ నిబంధనలను తూర్పారబట్టి, వివక్ష మరకలన్నీ కడగమని ప్రభుత్వానికి చెప్పారు. అది సాధ్యమైంది నియమం కాగితం మీద, రూల్ నంబరుతో సహా ఉంది కాబట్టి. శుక్రవారం కాల్‌లో మూడు గొంతులు తేల్చిన సంగతిని ఏ కోర్టు ముందు పెట్టగలం?

దారి మూసుకుపోయిందని గ్రహించినవాళ్లు ఇంకో దారి వెతుక్కున్నారు. కంపెనీ పంపేదాకా ఆగకుండా, చదువు పేరుతోనో సొంతంగా ఉద్యోగం వెతుక్కునో వెళ్లడం. ఇలా తమంతట తాము వెళ్లేవాళ్లలో ఆడవాళ్ల వాటా, కంపెనీలు పంపేవాళ్లలోకంటే బాగా ఎక్కువని ఫిన్లాండ్ నుంచి వచ్చిన పరిశోధనలు మొదటినుంచీ చెబుతున్నాయి. విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ ఐఐటీ ఢిల్లీ నుంచి కార్నెల్‌కు చదువుకోవడానికి వెళ్లి, మోటరోలా, ఆ తర్వాత సిస్కో సంస్థలకు సాంకేతిక అధిపతి అయ్యారు. ఆవిడను ఏ కంపెనీ పంపలేదు. స్త్రీలకు ఆసక్తి లేదన్న వాదాన్ని మళ్లీ ఎత్తేవాళ్లు ముందు దీనికి సమాధానం చెప్పాలి. అయితే ఈ దారిలో ఖర్చు, అప్పు, వీసా భయం మొత్తం మనిషి నెత్తినే. కంపెనీ పంపినవాడికి ఇల్లు, పిల్లల ఫీజులు, తిరిగొచ్చాక కుర్చీ ఉంటాయి.

ఇప్పుడు ఆటే మారుతోంది. మూడేళ్ల పోస్టింగులు తగ్గి, మూణ్నెల్ల ప్రయాణాలు, వారంవారం రాకపోకలు, వీడియోలో నడిపే అంతర్జాతీయ బాధ్యతలు పెరిగాయి. విదేశీ కంపెనీల కేంద్రాలు హైదరాబాద్‌కే తరలివస్తుంటే, ఇక్కణ్నుంచే ప్రపంచాన్ని నడపొచ్చని మేనేజ్‌మెంట్ సభల్లో మహిళా ఉద్యోగులకు శుభవార్తలా వినిపిస్తున్నారు. నాకు అనుమానమే. రాత్రి పదకొండుకు కాల్, పొద్దున్నే పిల్లల లంచ్ బాక్స్, హోదాలో గ్లోబల్ అన్న మాట, జీతం మాత్రం ఇక్కడిది. హెడ్డాఫీసులో మొహం గుర్తుపట్టేవాళ్లు ఉండరు. పోస్టింగ్‌లో విలువైన భాగం ఆ గుర్తుపట్టడమే. వెళ్లాల్సిన అవసరం లేని బాధ్యతలు ఆడవాళ్లకు, వెళ్లాల్సినవి మగవాళ్లకు అని పని చీలిపోతే, పైకి లెక్కలు బాగుపడతాయి, మెట్టు మాత్రం పాతదే.

నయమయ్యే మార్గాలు కష్టమైనవేం కావు. ఖాళీని ఆఫీసు పోర్టల్‌లో పెట్టడం, అర్హులందరినీ ఒక్కమాట అడగడం, కాదన్నవాళ్లను ఏడాది తర్వాత మళ్లీ అడగడం. మనిషి బతుకు ఏడాదిలో మారుతుంది, మేనేజర్ బుర్రలో పడ్డ ముద్ర పదేళ్లుంటుంది. వెంట వచ్చే భర్తకు ఉద్యోగం వెతికిపెట్టే సాయం కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి, చాలావరకు రెజ్యూమె దిద్దిపెట్టి సరిపుచ్చుతారు. వీటన్నిటికన్నా ముందు లెక్క బయటపెట్టాలి. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీల చేత బాధ్యతా నివేదిక తప్పనిసరిగా వేయిస్తోంది. ఉద్యోగుల్లో స్త్రీలెందరు, బోర్డులో ఎందరు, కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లెందరు అని అందులో వరసగా గడులున్నాయి. విదేశాలకు పంపినవాళ్లలో స్త్రీలెందరు అన్న గడి లేదు.